బ్లాగులోని లాగు

ఆ రోజుల్లో బ్లాగు లేని మనిషిని చూస్తే మాకు జాలేసేది. మేము అంటే పెద్ద సంఘమేం కాదు, ఒకరి రాతల కింద ఒకరు 'బాగుంది' అని రాసుకుని మురిసిపోయే కొద్దిమంది. పాపం ఈ మనిషి పొద్దున లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, తింటాడు, పడుకుంటాడు, ఇవేవీ ఎక్కడా రాసుకోడు, ఇక బతికినట్టు రుజువేముంది అనుకునేవాళ్ళం. నా బ్లాగు పేరు 'సల్లముంత'. చల్లకొచ్చి ముంత దాచొద్దు అనేది మా అవ్వ (బాపు, అంటే మా నాన్న, వాళ్ళమ్మ) అందరికీ చెప్పే మాట. అడగడానికే వచ్చినప్పుడు ముంత వీపు వెనక పట్టుకుని వానల గురించీ వడ్ల గురించీ మాట్లాడటం దేనికి, తిన్నగా ముంత ముందు పెట్టు అనేది. ఆ మాట నాకెంత నచ్చిందంటే బ్లాగుకు పేరుగా పెట్టుకున్నాను గానీ పాటించలేదు. (సామెతలు పేరు పెట్టుకోవడానికి ఉన్నంత అనువుగా పాటించడానికి ఉండవు.)

మేడ్చల్‌లో ఒక విత్తనాల గోదాములో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. మక్కల సంచులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని ఎక్కించడమే పని. తీరిక దొరికితే శామీర్‌పేట చెరువు కట్ట మీద కంకులు కాల్చే ఆమె ఆ వేడి కంకిని ఒంటి చేత్తో ఎలా తిప్పుతుందో, అవ్వ టీవీ సీరియల్లోని అత్తను ఏమని తిట్టిందో రాస్తుండేవాడిని. ఒకరోజు ఎవరో ఒక పాఠకుడు 'మీరు దీన్నే వృత్తిగా తీసుకోవచ్చు కదా' అని రాశాడు. పొగడ్తకూ సలహాకూ తేడా తెలియని వయసు నాది. ఆ వారమే ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, భోజనాల దగ్గర, బాపు చేతిలో ముద్ద ఉండగా (నోట్లో పెట్టుకున్నాక చెప్పాల్సింది) ప్రకటించాను.

"బాపూ, ఇగ నేను బ్లాగు మీదనే బతుకుత."

బాపు ముద్ద దించేశాడు. అవ్వ మాత్రం శాంతంగా, "లాగు మీద బతుకుడేంది బిడ్డా, అంగీ గూడ ఉండాలె గద" అంది.

మా దిక్కు లాగు అంటే నిక్కరు కావచ్చు, ప్యాంటు కావచ్చు, నడుము కిందికి తొడిగేది ఏదైనా లాగే. అవ్వ నోట బ్లాగులోని 'బ' ఎన్నడూ పలకలేదు. "మావోని లాగు దినాం మస్తుమంది జూస్తరట" అని వాడకట్టులో ఆమె గర్వంగా చెబుతుంటే ఆడవాళ్ళు నా వైపు ఒక రకంగా చూసేవాళ్ళు. నేను దిద్దబోతే, "నీ లాగు నీ ఇష్టం కొడుకా, నేనేమన్న వద్దంటున్ననా" అనేది.

బతకడానికి నేను మొదట పట్టుకున్న మార్గం ప్రకటనలు. బ్లాగు పక్కన ప్రకటనలు వస్తాయి, చదివేవాళ్ళు వాటి మీద నొక్కితే మనకేదో రాలుతుంది. ఈ రహస్యం ఇంట్లో చెప్పడం నేను చేసిన తప్పు. బాపు తమ్ముడు, మా చిన్నాయన, కిరాణా దుకాణం నడిపేవాడు. ఆయనకు విషయం అర్థమైన మరుక్షణం, "గింతేనా? ఇంట్ల పెండ్లయితే అందరం సదివింపులు రాస్తలేమా? గిది గూడ గంతే. ఒత్తుడే గద" అని నడుం కట్టాడు. ఆయన దుకాణానికి ఉప్పుకొచ్చినవాడు ఒత్తి పోయాడు, అగ్గిపెట్టెకొచ్చినవాడు ఒత్తి పోయాడు. చాయ్ హోటల్లో ఫోన్ బల్లలు మారింది. అవ్వ పింఛను దగ్గర వేలిముద్ర వేసినట్టు బొటనవేలు అదిమిపట్టి, "పడ్డదా? ఇంక జరసేపు పెట్టాల్నా?" అని అడిగింది. ఆ వారమంతా నేను ధనవంతుణ్ణి. తరవాత ప్రకటనల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే ఊరి నుంచి, ఒకే ఫోన్ల నుంచి ఇంత ప్రేమ సహజం కాదు గనక మీ ఖాతా మూసేస్తున్నాం అని దాని సారాంశం. చదివి వినిపిస్తే చిన్నాయన నొచ్చుకుని, "తక్కువ ఒత్తినమంటావురా?" అన్నాడు. మనవాళ్ళ అభిమానం కంపెనీ లెక్కల్లో దొంగతనం కిందికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

బాపు ఇక ఆగలేదు. "ఒక సంబంధం జూసిన, పెండ్లి జేస్త. కడుపుల సల్ల కదలకుంట కూసున్నోనికి పిల్లనెవలిస్తరో గది గూడ జూస్త. గీ సంబంధం తప్పిందా, తెల్లారి పోయి గోదాంల కూసో. నీ బ్లాగు లేదు, గీగు లేదు" అన్నాడు. ఆ సంబంధం గండిమైసమ్మ చౌరస్తాలో బడిపిల్లల యూనిఫాం దుకాణం వాళ్ళది. కింద దుకాణం, పైన ఇల్లు. వాళ్ళ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. పిలగాడు ఏం జేస్తడని వాళ్ళు అడిగారట. "ఆనికేంది బిడ్డా, లాగు పని. ఒకల కింద జేసుడు గాదు, సొంతం. దుబాయిల ఉన్నోళ్లు సుత ఆని లాగు జూస్తరు" అని అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రం నేను రాగానే, "నీ సంగతి జెప్పిన, మస్తు ఖుష్ అయిండ్రు" అంది. లోకానికి సాహిత్యం విలువ తెలిసే రోజులొచ్చాయని నేనూ ఖుష్ అయ్యాను.

పిల్లను చూడటానికి బాపు, అవ్వ, నేను వెళ్ళాం. పిల్ల తండ్రి మెడలో కొలతల టేపు వేలాడుతోంది. (పూజలోనూ తియ్యడని తరవాత తెలిసింది. అప్పటి నుంచి ఆయన నాకు టేపు మామ.) కింద మిషన్లు గడగడలాడుతున్నాయి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తన వృత్తివాడిని పలకరించిన ప్రేమతో పలకరించాడు. భయంతో నా నోట్లో కొన్ని అక్షరాలు మింగుడుపడిపోయాయి. అందులో ముఖ్యమైనది 'బ'.

"దినానికి ఎన్ని తీస్తవు పిలగా?"

"దినానికి గాదు. మంచిగ రావాలంటె లాగు వారానికి ఒక్కటే అయితది."

"వారానికొక్కటా? గంత సన్నం పనా?"

"ఫస్టు పొడుగుగ వస్తది. తెల్లారి మల్ల కూసోని కత్తిరిస్త. పొడుగెక్కువుంటె ఎవలు జూడరు."

ఆయన బాపు వైపు మెచ్చుకోలుగా చూశాడు. "కత్తెర పట్టెటప్పుడు సెయ్యి వణకనోడే పనోడు బావా. మరి కొల్తలు?"

"రోజు జూసుకుంట. ఎంతమంది వచ్చిండ్రు, ఎంతసేపున్నరు. కొందరు సగందాక వచ్చి ఇడిసిపెట్టి పోతరు."

ఆయన ముఖం మీద మొదటి మబ్బు కమ్మింది. లాగును సగందాకా తొడిగి విడిచిపెట్టి పోయే గిరాకీని ఆయన తన అనుభవంలో చూసి ఉండడు. "జేబులెట్ల మరి?" అని తగ్గు స్వరంతో అడిగాడు.

"జేబులకైతే ఇంకా ఏం రాలె" అన్నాను నిజాయితీగా.

"జేబుల్లేకుంటె ఎవలు తీస్కుంటరు?"

"తీస్కునుడేంది? అందరు ఉత్తగనే జూస్తరు. పాతయి గూడ తీసి మల్ల మల్ల జూస్తరు."

"పాత లాగులా?"

అప్పుడు తలుపు దగ్గర కప్పులూ సాసర్లూ గలగలమన్నాయి. చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పిల్ల నవ్వు ఆపుకోలేక భుజాలు కుదిపేస్తోంది. పళ్ళెం బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, "నాయినా, లాగు గాదు, బ్లాగు. ఫోన్ల రాసేది. ఈయన రాస్తడు, మంది సదువుతరు" అంది. నా వృత్తిని ఇంత తక్కువ మాటల్లో, ఇంత స్పష్టంగా అంతవరకూ నేనే చెప్పలేకపోయాను. ఆ క్షణాన నాకు గోదాము గుర్తులేదు, బాపు గుర్తులేడు, ఈ పిల్ల నవ్వు నా ఇంట్లో వినపడకపోతే ఎలా అన్న దిగులొక్కటే పట్టుకుంది.

టేపు మామ మెడలోని టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు. "రాస్తె ఏమొస్తది?" అన్నాడు. "లాగైతే ఇప్పుడే ఖాయం జేసేటోన్ని బావా. నాకు పనోడు దొరికిండనుకున్న."

బాపు లేవబోయాడు. అవ్వ మాత్రం కదలలేదు. "ఆని రాత సంగతి ఎనక జూద్దాం గని, నీ పిల్ల నవ్వింది జూసినవా? ముందెప్పుడన్న నవ్విందా గట్ల?" అంది.

ఆయన పిల్ల వైపు చూశాడు. ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది, పోతూ ఇంకోసారి నవ్వింది. ఆయన చాలాసేపు టేపు చుట్టి, విప్పి, చివరికి నన్ను వెనక గదిలోకి తీసుకుపోయాడు. కప్పుదాకా ఇటుకరంగు నిక్కర్ల కట్టలు. ఏదో బడి వాళ్ళు కుట్టించమని చెప్పి, బడి తెరిచేనాటికి రంగు మార్చేశారట. "మంచి బట్ట. ఎవలు ముట్టరు. నీ రాతకు గంత బలముంటె గీ లాగులు పోగొట్టు. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. బ్లాగు లాగును గట్టెక్కించాలన్నమాట. అవ్వ భాష ఎప్పుడూ తప్పు కాదు, కొంచెం ముందు ఉంటుంది అంతే.

ఇంటికొచ్చి రాశాను. 'మొన్న అనుకోకుండా గండిమైసమ్మ వైపు వెళితే ఒక చక్కని దుకాణం కనబడింది' అని మొదలుపెట్టి, చేనేత మీదుగా, బాల్యం మీదుగా, ఇటుకరంగు సంధ్య మీదుగా మెల్లగా నిక్కర్ల దగ్గరికి దిగాను. చాలా గొప్పగా వచ్చిందనుకున్నాను. తెల్లారి దాని కింద ఒకే ఒక వ్యాఖ్య ఉంది. పేరు లేదు. 'అనుకోకుంట కనవడ్డదా? ముంత కనవడ్తాంది.'

ఎవరు రాశారో అడగక్కర్లేదు. మా నాయిన దుకాణం గురించి అబద్ధం చెప్పకు అన్న అభిమానం కూడా అందులో ఉందని నాకు అనిపించింది. (అప్పట్లో నాకు అన్నింట్లోనూ అభిమానమే కనిపించేది.) మొత్తం తీసేసి మళ్ళీ రాశాను. ఈసారి ముంత మొదటి వాక్యంలోనే పెట్టాను: 'ఈ దుకాణదారు కూతుర్ని నేను చేసుకోవాలనుకుంటున్నాను, కాబట్టి ఇక్కడి నుంచి నేను రాసేదాన్ని సగమే నమ్మండి.' రంగు బాగుండదని రాశాను. బట్ట మాత్రం చిన్నప్పుడు నేను తొడుక్కున్నవాటికంటే దిట్టమైనదని, ఆ రోజుల్లో నా లాగుకు గుండీ ఊడితే అవ్వ పిన్నీసు పెట్టి పంపేదని, బడి ప్రార్థనలో అది విడిపోయిన నాడు నేను రెండు చేతులూ జోడించలేక ఒంటి చేత్తోనే దేవుడికి మొక్కానని రాశాను. ఇవి అమ్ముడుపోతే నాకు పెళ్ళి, లేకపోతే గోదాము అని ముగించాను. చిన్నాయన ఫోన్ చేసి, "ఒత్తాల్నా?" అన్నాడు. "నీకు దండం బెడ్త, ఏం ఒత్తకు" అన్నాను.

జనం కదిలారు. నాగారం నుంచి ఒకాయన తన పిన్నీసు కథ చెప్పుకోవడానికే వచ్చి, చెప్పుకున్నాక సిగ్గేసి నిక్కర్లు కొనుక్కుపోయాడు. లాల్‌గడి మలక్‌పేట్ క్రికెట్ పిల్లలు జట్టంతటికీ పెద్ద సైజులు పట్టుకుపోయారు. (వాళ్ళు మైదానంలో దిగితే ఇటుకబట్టీ నడిచొచ్చినట్టుండేదట.) ఇంట్లో తొడుక్కుంటామని కొందరు, పొలానికి పనికొస్తాయని కొందరు. అందరూ దుకాణం మెట్లెక్కుతూ ఒకటే అడిగేవాళ్ళట, "అల్లుని లాగులు గీడనేనా?" అని.

టేపు మామ వారం ఓపిక పట్టి బాపుకు ఫోన్ చేశాడు. "బావా, గదిల ఇంక కొన్ని మిగిలినయి గని, ఖాయం గాకముందే చౌరస్తంత ఆన్ని నా అల్లుడంటున్నరు. ఇగ వేరేటోనికి ఇస్తే నా ఇజ్జతేమయితది?"

ఇప్పుడు ఆ దుకాణంలోనే నా కుర్చీ. మేడ్చల్ నుంచి నాగారం దాకా చిన్నచిన్న దుకాణాల వాళ్ళు తమ గురించి రాయమని వస్తారు, రాస్తాను, ఎవరు రాయమన్నారో మొదటి వాక్యంలోనే చెబుతాను, ఒప్పుకోని వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోతారు. అలా బ్లాగు ఏదో నడుస్తుంది, బడులు తెరిచే రోజుల్లో లాగు పరిగెత్తుతుంది. బ్లాగు మీద బతుకుతానని శపథం చేశాను. ఒక్క అక్షరం తక్కువగా నెగ్గాను. అవ్వ పోయి కొన్నేళ్ళయింది. చివరిదాకా నేను కనబడినప్పుడల్లా "లాగు ఎట్ల నడుస్తాందిరా?" అని అడిగేది. పెళ్ళయ్యాక దిద్దడం మానేశాను, "నడుస్తాంది అవ్వా" అనేవాడిని. ఆమె ఏది అడిగినా, నేను ఏది చెప్పినా అది నిజమే అయ్యేది.

మొన్న కొత్త ప్యాంటు కుట్టిద్దామని మా ఆవిడ నా నడుముకు టేపు చుట్టింది. ఆ టేపు వాళ్ళ నాయినదే. చివర దాకా లాగి, ఇంకొంచెం లాగి, ఆనాడు సాసర్లు గలగలలాడించిన నవ్వే నవ్వి, "ఇన్నేండ్ల నుంచి కొల్తలు పెరుగుతలేవు, ఎవలు జూస్తలేరు అని ఏడుస్తవు గద. సూడు, ఎంత పెరిగినయో" అంది. ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి పీల్చాను. ముంత దాగలేదు.