గోడ రాళ్లు కడిగిన మా అత్త

మా అత్త పోయింది. తెల్లవారి నేను దవాఖానకు టీ పట్టుకుని వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి పెట్టేశారు. మా ఆయన వరండాలో కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "అమ్మ పోయింది" అన్నాడు. ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలో తోచక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

ఆమె మీకు తెలిసి ఉండదు. ఆబిడ్స్‌లో ఒక పాత బట్టల దుకాణం పై అంతస్తులో గోడలెక్కే జిమ్ ఉంది. లోపల కొండచరియల్లాగా వంచి కట్టిన చెక్క గోడలు ఉంటాయి. ఎక్కేవాళ్లు పట్టుకోవడానికి, కాలు ఆనించడానికి వాటి నిండా రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు బిగించి ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని హోల్డ్స్ అంటారు. మా అత్త రాళ్లు అనేది. ఆ రాళ్లు కడగడం ఆమె పని. నా పెళ్లయ్యాక నన్నూ వెంట తీసుకుపోయింది. ఇప్పుడు ఆమె లేదు. ఆమె లేకుండా నేనొక్కదాన్నే ఆ మెట్లెక్కి పనికి పోగలనా అన్న ఆలోచన ఆమె పోయిన రోజు నుంచి నన్ను వదల్లేదు.

నాకు కొత్తవాళ్లతో మాట రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఐదో తరగతితో బడి మానేశాను. పెళ్లయి నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి గదికి వచ్చాక రోజంతా తలుపేసుకుని కూర్చునేదాన్ని. పక్కింటామె చక్కెర అడిగితే కిటికీలోంచి గిన్నె అందించి లోపలికి పోయేదాన్ని. మా అత్త కొన్నాళ్లు చూసింది. ఒక పొద్దున, "చెప్పులేస్కో పిల్లా" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

దారి పొడుగునా దుకాణాల బోర్డులు నాతో చదివించేది. ఆమెకు అక్షరం రాదు.

"గాడ ఏం రాసిన్రు? సదువు."

నేను గొణిగితే ఊరుకునేది కాదు. "బస్సుల మోతల నాకేం ఇనొస్తది? జర గట్టిగ."

ఇంగ్లీషు బోర్డు దగ్గర నేను ఆగిపోతే, "గది ఇడ్సిపెట్టు. మనకు పనికొచ్చేదైతే తెలుగుల రాసేటోళ్లు" అనేది. మొజంజాహీ మార్కెట్ దాకా వచ్చేసరికి నా గొంతు నాకు వినిపించేది. ఆ రోడ్డు మీద తప్ప నేను గట్టిగా మాట్లాడిన చోటు ఇంకొకటి లేదు.

గోడ ఎక్కేవాళ్లు చేతులకు తెల్ల పొడి రాసుకుంటారు. ఆ పొడి, చెమట, బూట్ల నల్ల రబ్బరు కలిసి రాళ్ల గరుకులోకి దిగి గట్టిపడతాయి. అప్పుడు చెయ్యి జారుతుంది. జిమ్ వాళ్లు బోల్టులు విప్పి ఇస్తే మేము వాటిని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమేవాళ్లం. మా అత్త ఇనుప పీచు ముట్టనిచ్చేది కాదు. "గరుకు పాయెనంటె గది రాయెట్లయితది, సబ్బుబిళ్ల అయితది" అనేది. బోల్టు దూరే రంధ్రాన్ని పాత పళ్ల బ్రష్షుతో తోమాలి. కడిగినవాటిని పాత చీర మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలుస్తుందని, ప్లాస్టిక్ పెళుసు అవుతుందని జిమ్ నడిపే సార్ మొదట్లోనే చెప్పారట. ఆ మాట ఆమె తన మాటగా చేసుకుంది.

ఆరాక ఒక్కొక్క రాయినీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది, కుండ కొనేటప్పుడు చూసినట్టు. మంచిది ఖంగుమంటుంది. పగులుంటే బొంగురుగా పలుకుతుంది. బొంగురు రాయిని పక్కన పెట్టి, "ఎక్కేటోడు పైకి చూస్తడు గని రాయిని చూస్తడా? మనల్ని నమ్మి చెయ్యేస్తడు" అనేది. మమ్మల్ని ఎవరైనా నమ్ముతారని నాకు అంతకుముందు తెలియదు.

ఒక దసరాకు మాత్రం పెద్ద పని తెచ్చిపెట్టింది. పండగ ముందు రోజు తెల్ల రాళ్లన్నీ కడిగి ఆరబెట్టాం. పనిముట్లకు పూజ చెయ్యాలి కదా అని ఒక్కొక్క రాయికీ తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. నేనూ కూర్చుని పెట్టాను. పండగ మర్నాడు వాటిని అట్లాగే గోడకు బిగించారు. ఎక్కినవాళ్ల చేతులన్నీ పచ్చబడ్డాయి.

సార్ వచ్చి, "ఏందమ్మా ఇది?" అన్నారు.

"దసరా గద సార్. పనిముట్లకు బొట్టు పెట్టకుంటె ఎట్ల?"

"ఇవి ఆట సామాన్లమ్మా, పనిముట్లు కావు."

"మీకు ఆట సార్. మాకు గవే పనిముట్లు."

సార్ నవ్వు ఆపుకుని కడగమన్నారు. సబ్బునీళ్లలో వెయ్యగానే పసుపంతా ఎర్రగా తిరిగింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని వంటింట్లో మసిగుడ్డ ఉతికే మా ఇద్దరికీ ఆ పూట గుర్తు రాలేదు. "పారాణి పెట్టిన కాళ్ల లెక్క అయినయి గదనే" అని మా అత్త తల పట్టుకుంది. ఎంత తోమినా మరక వదల్లేదు. చివరికి తనే వాటిని మిద్దె మీద ఎండలో పరిచింది. పసుపు మరక ఎండకే పోతుంది. వాటి పక్కనే గొడుగేసుకుని కూర్చుని, పెళుసైతాయేమోనని మాటిమాటికీ తడిమి చూసింది. నేను నవ్వాను. "గిప్పుడొచ్చిందా నీకు నవ్వు" అంది.

సార్ నన్నేదైనా అడిగితే ఆమే జవాబు చెప్పేది. "మా కోడలు మాట్లాడది సార్, ఇంటది."

"మీరు మాట్లాడనిస్తే గదా."

"ఇంటికొక్క నోరు సాలని పైనోడు నాకే ఇచ్చిండు."

ఆ నోటికే దవాఖానలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. జ్వరమే అనుకున్నాం, ఊపిరితిత్తులకు పాకిందన్నారు. చివరి సాయంత్రం మా ఆయన ఒక పక్క, నేనొక పక్క నిలబడి ఉంటే, ఆమె మాస్కు పైకి లేపి ఏదో చెప్పబోయింది. నర్సు గబుక్కున వచ్చి మళ్లీ పెట్టేసింది. తనకే ఏదో చెప్పబోయిందని మా ఆయన అంటాడు. నన్ను పని మాన్పించవద్దని చెప్పబోయిందని నాకనిపిస్తుంది. ఎవరికి తెలుసు? నీళ్లు అడిగిందేమో.

దినాలయ్యాక మా ఆయన అన్నాడు. "ఇగ బంద్ పెట్టు. అమ్మ లేంది నువ్వొక్కదానివి పోయి ఎవలతోని మాట్లాడ్తవ్?" కోపంగా అనలేదు. అందులో అబద్ధమూ లేదు. సార్‌కు చెప్పి రమ్మని బండి మీద తీసుకుపోయి తను కిందనే ఉన్నాడు.

పైన వెనక పక్క స్నానాల గదిలో నీలం టబ్బు ఉంది. జ్వరమొచ్చిన రోజు ఆమె నానబెట్టిన రాళ్లు అందులో అట్లాగే ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు. నీళ్లు నల్లబడి, పైన తెట్టు కట్టింది. నేను చీర ఎగదోపి కింద కూర్చుని ఒక రాయి తీశాను.

సార్ గుమ్మం దగ్గరికి వచ్చారు. "అమ్మ సంగతి తెలిసిందమ్మా. చాలా బాధైంది." టబ్బు వంక చూసి, "నువ్వొక్కదానివే చేసుకుంటవా? రేపటి నుంచి వస్తవా?" అన్నారు.

రాననడానికే వెళ్లాను. వస్తాననాలని ఉంది. తల వంచుకుని రాయి తోముతూ ఉండిపోయాను. ఆయన చాలాసేపే చూశారు.

"సరేలే అమ్మా. వేరేవాళ్లను చూసుకుంటా" అని మెల్లగా అని వెళ్లిపోయారు.

కింద హారన్ మోగింది. ఇంకోసారి మోగింది. తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మా ఆయన అంతకుముందు ఏనాడూ ఆ గదిలోకి రాలేదు. వచ్చి టబ్బు వంక చూశాడు.

"ఇవన్ని అమ్మ నానబెట్టినయేనా?"

"ఔ."

పోదాం పద అంటాడనుకున్నాను. గడప మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను మోచేతి దాకా చెయ్యి ముంచాను. ఆ నల్ల నీళ్లలో ఏదీ కనిపించడం లేదు. అడుగంతా వేళ్లతో తడుముకుంటూ ఇంకొక రాయి కోసం వెతికాను.