సగటుల సగటు

1979 జూన్‌లో తిరుపతిలోని ఒక కళాశాల పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా చేరాను. అంతకుముందు నాలుగేళ్లు చిత్తూరులో మరో కార్యాలయంలో పనిచేశాను. కళాశాల పేరు ఇక్కడ అనవసరం. కాపురం రేణిగుంటలో; రోజూ ప్యాసింజరు బండిలో వచ్చి పోయేవాణ్ణి.

నేను చేరేనాటికి ఆ కళాశాలలో ఏడాదికొక పరీక్ష పోయి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. మూడేళ్ల చదువుకు ఆరు సెమిస్టర్లు. ప్రతి పేపరుకూ వారానికి ఎన్ని గంటల పాఠమో దాన్నిబట్టి రెండో మూడో నాలుగో క్రెడిట్లు. వచ్చిన గ్రేడుకు నాలుగు నుంచి కిందికి పాయింట్లు. మూడు క్రెడిట్ల పేపరులో మూడు పాయింట్ల గ్రేడు వస్తే తొమ్మిది. అట్లా అన్నీ కూడి, క్రెడిట్ల మొత్తంతో భాగిస్తే ఆ సెమిస్టరు సగటు వస్తుంది. చివర ఆరు సెమిస్టర్లకూ కలిపి ఒకే అంకె ఇచ్చేవాళ్లం. దాన్ని ఓవరాల్ గ్రేడు అనేవారు. పీజీ సీటుకు దరఖాస్తు పెట్టాలంటే అది మూడుకు తగ్గకూడదు.

ఆ చివరి అంకెను మా విభాగంలో ఒక సులువైన దారిలో కట్టేవారు. ఆరు సెమిస్టర్ల సగటులను కూడి ఆరుతో భాగించడం. నా సీటులో ముందున్నాయన అట్లాగే కట్టాడు, నేనూ 1980 బ్యాచ్‌కు అట్లాగే కట్టాను. ఎవరూ అడగలేదు. ఎందుకంటే చాలామంది సెమిస్టరుకు పద్దెనిమిది క్రెడిట్ల చొప్పున సమానంగా చదివేవారు. అట్లాంటివాళ్లకు ఏ దారిలో కట్టినా ఒకే అంకె వస్తుంది.

1981 మే నెలలో చివరి సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. పేరు షాహీన్. చిత్తూరు పిల్ల, తండ్రి ఇత్తడి పాత్రలకు కళాయి వేసే పనివాడు. నోటీసు బోర్డులో పెట్టిన తాత్కాలిక జాబితాలో తన ఓవరాల్ గ్రేడు 2.89 అని ఉందని, తాను కడితే 3.02 వస్తోందని చెప్పింది. చేతిలో ఒక నోటుపుస్తకం. మూడేళ్ల పేపర్లన్నీ అందులో గీతలు గీసి, క్రెడిట్లు ఒక వరుసలో, పాయింట్లు ఒక వరుసలో రాసుకుంది.

మూడో సెమిస్టరులో ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి. అనుమతి తీసుకొని ఎనిమిది క్రెడిట్లే చదివింది, అవీ సరిగా రాయలేకపోయింది. సగటు 1.75. వదిలిన పేపర్లను తరువాతి మూడు సెమిస్టర్లలో అదనంగా చదివి పూర్తిచేసింది. మిగతా ఐదు సెమిస్టర్లలో కలిపి వంద క్రెడిట్లకు 312 పాయింట్లు. జబ్బు సెమిస్టరుకు ఎనిమిది క్రెడిట్లకు పద్నాలుగు. మొత్తం 326ను 108తో భాగిస్తే 3.02. మా పద్ధతిలోనైతే ఎనిమిది క్రెడిట్ల సెమిస్టరు ఇరవై రెండు క్రెడిట్ల సెమిస్టరుతో సమానంగా నిలబడి ఆమెను కిందికి లాగింది.

నాకు అప్పటికి ఇంత స్పష్టంగా అర్థం కాలేదు. ఇది ఆఫీసు పద్ధతి, అందరికీ ఒకటే అన్నాను. ఆమె కదల్లేదు.

"మార్కులు కలపమని అడగలేదు సార్. నాకొచ్చినవే సరిగ్గా కట్టమంటా ఉండాను. రూలు పుస్తకంలో యాడుంది సార్, ఆరుతో భాగించాలని?"

నియమావళి నా బల్ల సొరుగులోనే ఉంది. నిజం చెప్పాలంటే రెండేళ్లలో ఆ పేజీ తీసి చదవలేదు. ఆమె ఎదురుగానే తీశాను. మొత్తం పాయింట్లను మొత్తం క్రెడిట్లతో భాగించాలని ఒకే వాక్యంలో రాసి ఉంది. ఆరు అనే అంకె ఆ పేజీలో ఎక్కడా లేదు.

దరఖాస్తు గడువుకు పన్నెండు రోజులుంది. ఆ సాయంత్రమే నోట్ రాసి సూపరింటెండెంటు మునిరత్నం గారికి పంపాను. ఆయన పనిలో గట్టివారు, ఎవరి దగ్గరా చెయ్యి చాచినవారు కాదు. నోట్ చదివి నన్ను పిలిచి తలుపు వేయమన్నారు.

"సుబ్రమణ్యమప్పా, ఈ పాపకు మార్చినామంటే పోయిన రెండు బ్యాచ్‌లూ మన వాకిట్లో నిలబడతారు. సమాధానం ఎవురు చెప్పేది?"

తప్పు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి నేనే చెప్తానన్నాను. ఆయన నోట్ మడిచి సొరుగులో పెట్టుకున్నారు. మరునాడు ఆ బ్యాచ్ గ్రేడులన్నీ ఎక్కించిన టాబ్యులేషన్ రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. పేజీ పేజీకీ కింద నా పొట్టి సంతకం పడితే తప్ప అది ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లదు. నేను పెట్టలేదు. లెక్క నియమావళి ప్రకారం లేదని ఒక చీటీ రాసి, రిజిస్టరు మీద గుచ్చి వెనక్కి పంపాను. రెండుసార్లు తిరిగి వచ్చింది, రెండుసార్లూ అట్లాగే పంపాను. విభాగంలో మాటలు తగ్గాయి. టీ వేళ నన్ను పిలవడం మానేశారు. షాహీన్ మాత్రం రోజూ పదిన్నరకు వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేది, ఆఫీసు మూసేదాకా లేచేది కాదు.

నాలుగోరోజు మెమో అందింది. పై అధికారి ఆదేశం ధిక్కరించినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపమని. జవాబులో వాదన ఏమీ రాయలేదు. నియమావళి పేజీ నకలు, షాహీన్ లెక్క, దాని పక్కన మా లెక్క జతచేసి, ఈ రెండింటిలో ఏది సరైనదో ప్రిన్సిపాల్ గారు రాతపూర్వకంగా చెబితే ఆ ప్రకారం సంతకం పెడతానని ఒక్క వాక్యం రాశాను. రాతపూర్వకంగా అన్న మాట కింద గీత గీశాను.

ప్రిన్సిపాల్ నన్నూ మునిరత్నం గారినీ పిలిపించారు. ముందుగా ఆయన అడిగిన ప్రశ్న, ఆ అమ్మాయి నీకేమన్నా కావాల్సిన మనిషా అని.

"కాదు సార్. ఆ పాప చోట ఎవురున్నా లెక్క ఇదే వస్తాది," అన్నాను.

ఆయన స్టాటిస్టిక్స్ లెక్చరరును పిలిపించి రెండు కాగితాలూ ఇచ్చారు. లెక్చరరు నిలబడే చూసి, సగటులకు మళ్లీ సగటు కట్టడం మొదటి సంవత్సరం పిల్లలు చేసే పొరపాటని చెప్పి వెళ్లిపోయారు. మునిరత్నం గారి ముఖం ఎర్రబడింది. నాదీ ఎర్రబడే ఉంటుంది; ఆ పొరపాటు నా చేతి మీదుగా కూడా జరిగింది.

మొత్తం బ్యాచ్‌కు మళ్లీ కట్టమని ఉత్తర్వు వచ్చింది. రెండు రోజులు కూర్చుని కట్టాను. షాహీన్‌కు 3.02. గడువుకు మూడు రోజుల ముందు గ్రేడు పత్రం చేతికిచ్చాను. నా బల్ల ముందే నిలబడి పెన్సిల్‌తో ఒక్కొక్క వరుసా సరిచూసుకొని, అప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుంది. కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పవలసిన పని లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సీటు వచ్చిందని తరువాత విన్నాను.

అయితే అదే లెక్కలో చెంగల్రాయులు అనే విద్యార్థికి 3.04 కాస్తా 2.94 అయింది. ఏర్పేడు వైపు రైతు కుటుంబం పిల్లవాడు. మొదటి సెమిస్టర్లలోనే ఎక్కువ పేపర్లు చదివేసి, చివరి సెమిస్టరుకు ఎనిమిది క్రెడిట్లే మిగుల్చుకొని, వాటిలో అన్నింటికీ నాలుగేసి పాయింట్లు తెచ్చుకున్నాడు. పాత పద్ధతి అతన్ని పైకి ఎత్తింది. కొత్త అంకె బోర్డుకెక్కిన రోజే వచ్చాడు.

"నాది తగ్గించినారు గదా సార్. నేనేం తప్పు చేసినాను?"

నువ్వేమీ చేయలేదు, తప్పు మేం చేశాం అని చెప్పాను. నా కుర్చీ పక్కన స్టూలు వేసి, నియమావళి, అతని గ్రేడుల కాగితం, ఖాళీ కాగితం ముందు పెట్టి అతన్నే కట్టమన్నాను. గంటసేపు కట్టాడు. మూడుసార్లు కట్టాడు. మూడుసార్లూ 2.94. కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. అతను అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ ఏడు అతనికి పీజీ అవకాశం పోయింది. పాత బ్యాచ్‌లకూ తరువాత మళ్లీ కట్టించి, అంకె పెరిగినవాళ్లకు కొత్త పత్రాలు పంపారు. తగ్గినవాళ్లవి, అప్పటికే ఇచ్చేసినవి గనుక, ముట్టుకోలేదు. వాళ్లకు దొరికిన ఆ వెసులుబాటు, పత్రం ఇంకా చేతికి రాలేదన్న ఒక్క కారణంతో చెంగల్రాయులుకు అందలేదని నేను మరో నోట్ పెట్టాను. దానికి జవాబు రాలేదు.

ఆగస్టులో నన్ను హాస్టలు ఆఫీసుకు మార్చారు. నా పదోన్నతి రెండేళ్లు ఆగింది. కారణం ఏ కాగితం మీదా రాయలేదు. 1984లో మళ్లీ పరీక్షల విభాగానికి వచ్చాక మొదటి వారంలోనే నియమావళిలోని ఆ వాక్యాన్ని, కింద ఒక మాదిరి లెక్కతో, తెలుగులో టైపు చేయించి నోటీసు బోర్డులో పెట్టించాను. పిల్లలకు ఇదంతా చెబితే ప్రతివాడూ కాగితం పట్టుకొని వస్తాడని కొత్త సూపరింటెండెంటు అభ్యంతరం చెప్పారు. రావడానికే పెట్టానన్నాను.

వచ్చారు కూడా. చాలామంది లెక్క తప్పు కట్టుకొని వచ్చేవారు, కూర్చోబెట్టి చూపించేవాణ్ణి. ఏడాదికి ఒకరిద్దరి విషయంలో తప్పు మాదే అయ్యేది, దిద్దేవాణ్ణి.

ఒక అంకె కింద సంతకం పెట్టేవాడు అది ఎట్లా వచ్చిందో ఎదుటివాడికి చూపించగలగాలి. చూపించలేని రోజున పెన్ను మూత పెట్టెయ్యాలి, పైనుంచి ఎవరు చెప్పినా సరే. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఈ సంగతి నియమావళి పేజీ చదవని రెండేళ్లకు సంజాయిషీగా చెప్పడం లేదు. ఆ రెండేళ్ల తప్పు నాదే.