తెర మీద పని జోరు

ఉద్యోగం ఖాయమయ్యే రోజునే దాన్ని స్వయంగా చెడగొట్టుకున్న ఇంజనీరును మీరెప్పుడూ చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే.

పాల్మాకుల దగ్గర, విమానాశ్రయం పక్కనే గోదాం కడుతున్నాం. నేను కొత్తగా చేరాను. ఆ రోజు పెద్దసారు వచ్చి, నా పని చూసి, ఉంచాలో పంపాలో తేల్చేస్తానన్నారు. పొద్దున్నించీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అయినా నా దగ్గరో బ్రహ్మాస్త్రం ఉంది లెండి: ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్. అందులో ఒక్కో కూలీ ఒక్కో చుక్క. ఎవరెక్కడుంటే పని త్వరగా తెములుతుందో ఆ చుక్కలు ముందే తిరిగి చూపిస్తాయి.

ఆయన వచ్చేలోపు ఒకసారి చూసుకుందామని తెరిచాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాకు నోరాగదు కదా!

"యాదయ్యగారూ, ఈ ఎర్ర చుక్క మీరే" అన్నాను మా మేస్త్రితో.

"నేనా? ఏంది సారూ, గిట్ల ఒక్క కాడనే నిలబడ్డ? అంజమ్మా, జర ఇటు రా! సారు మనల్ని కంప్యూటర్ల ఏసిండు!"

అంజమ్మ పార పడేసి వచ్చింది. వెనకే ముఠా అంతా వచ్చింది.

"నేనేది సారూ?"

"ఆ పసుపు చుక్క."

"గంత మెల్లగ నడుస్తనా? మరి గా ఉరుకుతున్న నీలంది ఎవరు?"

"మీ తోడికోడలు."

అయిపోయింది. "అది నాకంటె జోరుగ చేస్తదా? నా చుక్కను ఉరికియ్యి. అప్పటిదాంక పార ముట్ట!"

ఉరికించాను. తోడికోడలు అలిగింది. ఆవిడనీ ఉరికించాను. ఈలోగా తెరలో చాయ్ వేళయింది. యాదయ్య, "అన్ని చుక్కలకు చాయ్ ఇచ్చినవ్, నా చుక్కకేది?" అన్నాడు. కాంక్రీటు బండి వచ్చి హారన్ మీద హారన్ కొడుతోంది.

"సారూ, మాల్ గట్టిపడ్తది! దించుకుంటరా లేదా?" డ్రైవర్ అరిచాడు.

"ఒక్క నిమిషం!" అని చెమటలు కక్కుతూ యాదయ్య చుక్కకు చాయ్ పోస్తున్నాను.

సరిగ్గా అప్పుడే దిగారు పెద్దసారు.

"ఏమయ్యా, పని ఆగిందేం?"

"ఆగలేదు సార్, చూడండి!" అని తెర ఆయనవైపు తిప్పాను. నిజంగానే అక్కడ పని జోరు మీదుంది. అంజమ్మ చుక్క ప్రహరీ కూడా దాటేసింది.

ఆయన ఒక్క కేక వేసేసరికి ముఠా అంతా బండి దగ్గరికి పరుగెత్తింది. పోత మొదలైంది. ఇక నా వంతేనని బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, తెరలోకి వంగి చూశారు.

"ఇందులో నేనెక్కడ?"

ఏదో ఒక చుక్క చూపిస్తే నా సొమ్మేం పోయేది? "మీరు లేరు సార్. పనికి అక్కర్లేనివాళ్లను పెడితే లెక్క తప్పుతుంది" అన్నాను.

ఆ క్షణంలోనే నెత్తిమీదుగా విమానం దిగింది. ఆ మోతలో ఆయనకేమీ వినబడలేదు.

"ఏమన్నావ్?"

దేవుడు అంత దయ చూపించాడు. నేనేం చేశానంటారా? గొంతు పెంచి, అదే మాట, విడమరిచి మళ్లీ చెప్పాను.

నా ఉద్యోగం ఆ రోజు ఖాయం కాలేదు. అందుచేత సిమెంటు, ఇసుక, కంకర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సిమ్యులేషన్ చేసినా మొట్టమొదట పెద్దసారు చుక్కే పెడతాను. అందరికంటే పెద్దది పెడతాను. అది కదలకపోయినా సరే, పనంతా అదే చేస్తున్నట్టు చూపిస్తాను.