రాజకుమారి పక్కన రెండో కుర్చీ

మొన్న ఆదివారం మా అక్క కూతురి ఇంట్లో కూర్చుని ఉండగా, పుట్టినరోజులకి అలంకరణలు చేసే ఆయనొకడు వచ్చి ఫోనులో బొమ్మలు చూపించాడు. దాని కూతురికి నాలుగేళ్ళు నిండుతున్నాయి, కాశీబుగ్గలో ఫంక్షన్ హాలు మాట్లాడారు, రాజకుమారి థీమట. గులాబీరంగు కోట, బెలూన్ల తోరణం, అంతా ముచ్చటగానే ఉంది గానీ కోట ముందు రెండు సింహాసనాలు కనబడేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకటి పిల్లకైతే రెండోది ఎవరికయ్యా అని అడిగితే, జంటగా ఉంటేనే ఫొటో నిండుగా వస్తుందనీ, చుట్టాల్లో ఎవరైనా బాబు ఉంటే రాకుమారుడిలా కూర్చోబెట్టవచ్చనీ చెప్పాడు. నాలుగేళ్ళ పిల్లకి జంటేమిటని నేను గొంతు పెంచాను. ఆయన బిక్కమొహం వేశాడు. మా అక్క కూతురు మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది, నా కోపం ఎన్నేళ్ళనాటిదో దానికి తెలుసు కనుక. నా ఈడువాళ్ళు ఇది చదువుతుంటే, మీకూ కొంచెం కోపం వస్తుందని నా ఆశ.

తొంభైల చివర్లో నేను పలాసలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో పాఠాలు చెబుతూ అక్కాబావల ఇంట్లోనే ఉండేదాన్ని. బావ జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా. వాళ్ళకి ఈ పిల్ల ఒక్కతే కూతురు, ఆ ఏడు దానికి ఐదేళ్ళు నిండుతున్నాయి. అప్పటిదాకా మా ఇళ్ళల్లో పుట్టినరోజంటే తలంటు, కొత్త గౌను, పరమాన్నం, అంతే. ఇది నా పాఠ్యపుస్తకంలో కిరీటం పెట్టుకున్న రాజకుమారి బొమ్మ చూసి, నాకూ అలాగే చెయ్యమని అన్నం మానేసి కూర్చుంది. అక్క విసుక్కుంది. నేను మాత్రం సరేనన్నాను, ఎందుకంటే నాకూ అలాంటి సరదా చిన్నప్పుడు ఉండేది, తీర్చేవాళ్ళు మాత్రం లేరు.

అప్పుడు ఇలా ఫోనులో చూసి ఎంచుకునే రోజులు కావు కదా, ప్రతిదీ మనమే తంటాలు పడి సమకూర్చుకోవాలి. గౌను గొడుగులా విచ్చుకోవాలని లోపల దోమతెర గుడ్డ మడతలు వేసి కుట్టించాను. డాబా మీద అక్క పాత గులాబీరంగు చీర తెరలా కట్టాను. కిరీటం ఎక్కడా దొరక్కపోతే రైలెక్కి నౌపడలో దిగి, అక్కణ్ణుంచి టెక్కలి వెళ్ళి, పెళ్ళిళ్ళకి జీలుగు బెండుతో బాసికాలూ కిరీటాలూ చేసే పెద్దాయనకి పిల్ల తల కొలత ఇచ్చి చేయించుకొచ్చాను. మావాళ్ళలో పెళ్ళికూతురికి బెండు కిరీటం పెడతారు. ఆయనకి వచ్చిన కిరీటం అదొక్కటే, మాకు దొరికిన కిరీటమూ అదొక్కటే. తెల్లగా, తేలిగ్గా, చెవుల పక్కన కుచ్చులు వేలాడుతూ ఎంత అందంగా ఉందో చెప్పలేను. పెళ్ళి కిరీటం పసిదాని తలకెందుకు తెచ్చావని తరవాత నన్ను చాలామంది అడిగారు గానీ, నాకు ఇప్పటికీ అందులో తప్పు కనబడదు. కిరీటానికేం తెలుసు పెళ్ళో పుట్టినరోజో!

ఇక సింహాసనం. షామియానావాళ్ళని ఒక మంచి కుర్చీ అడిగితే, పెళ్ళికి వేసే ఎర్ర మఖమలు కుర్చీలు రెండు పంపారు. జత విడదీసి ఇవ్వరట. రెండోదాన్ని మూలకి జరుపుదామనుకుంటూ కేకు తేవడానికి బజారుకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆ రెండో కుర్చీలో బావ అక్కగారి కొడుకు కూర్చుని ఉన్నాడు.

బావ అక్కగారు నాకు వదిన వరస. ఉద్దానంలో కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న ఇంటి కోడలు, తల్లి పోతే బావని పెంచి పెద్దచేసిన మనిషి, అందుకని బావ ఆవిడ ముందు నోరెత్తేవాడు కాదు. కొడుక్కి తొమ్మిదేళ్ళు. పాపం వాడు కింద వీధిలో ఆడుతున్న పిల్లలవైపే చూస్తూ ఎప్పుడు వదులుతారా అన్నట్టున్నాడు. వదిన తను తెచ్చిన కొబ్బరికాయల్లోంచి ఒకటి తీసి, పసుపు రాసి, మా పిల్ల ఒళ్ళో పెట్టి, బొట్టు పెట్టింది. కాయ ఒళ్ళో పెట్టి బొట్టు పెడితే మాట ఇచ్చిపుచ్చుకున్నట్టే మాలో.

"కిరీటం ఎట్టీసినారు, పక్కన నా కొడుకు కూకున్నాడు. ఇంకేటి కావాల? పిల్ల మాదే," అంది.

అందరూ నవ్వారు. నవ్వులాటే కదా అంటారేమో, అలాంటి నవ్వులాటల మీద కట్టేసిన బతుకులు నాకెన్నో తెలుసు. మా వీధిలోనే ఒకామెకి ఉయ్యాల్లో ఉండగా అన్న మాటని పట్టుకుని, ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి మేనబావకి ఇచ్చేశారు. బావ వంక చూశాను, నేలచూపులు చూస్తున్నాడు. అక్క వంక చూశాను, పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఇది పుట్టినరోజు, ఇక్కడ పెళ్ళిమాటలు వద్దని నేనే అన్నాను. వదిన నన్ను పైనించి కిందికి చూసింది.

"నీకే ఇంకా పెళ్ళి కానేదు, పెళ్ళిమాటల్లో నీకేటి పని?"

అంతమందిలో ఆ మాట అంటే ఎవరూ ఆవిడని ఆగమనలేదు. నా అదృష్టమో ఏమో, అప్పుడే ఆ పిల్ల నావైపు చేతులు చాపి, "పిన్నీ, బరువుగున్నాది, తీసీ," అంది.

తీసేశాను. ఆ కాయ పట్టుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, దాన్ని గడప మీద ఒక్క దెబ్బకి పగలగొట్టి, కోరి, పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి రుబ్బాను. అంత కోపంగా రుబ్బిన పచ్చడి మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. కేకు కోశాక ఇడ్లీలు పెట్టాం. వదిన పచ్చడి బాగుందని మారడిగి వేయించుకుంది కూడా. వెళ్ళేముందు, పిల్ల ఒళ్ళో పెట్టిన కాయ దేవుడి దగ్గర పెట్టమని చెబుదామని అదెక్కడుందని అడిగింది.

"ఇందాక ఇడ్లీల్లో నంజుకున్నారు కదా వదినా," అన్నాను.

ఆ తరవాత జరిగింది మీరు ఊహించుకోగలరు. వదిన రెండేళ్ళు మా గడప తొక్కలేదు, బావ నాతో చాలాకాలం ముభావంగా ఉన్నాడు. దేవుడి దగ్గరుండవలసిన కాయని, తాము కూడా తిన్న కాయని, మళ్ళీ ఏ మొహంతో మాటగా చెప్పుకుంటారు? దాంతో ఆ ప్రస్తావన చల్లారిపోయింది. పిల్ల విశాఖలో నర్సింగు చదివింది, తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది. ఆ మేనబావా ఇంకెవరినో చేసుకుని సుఖంగానే ఉన్నాడు, దీని పెళ్ళిలో దగ్గరుండి వడ్డించాడు కూడా. చల్లారనిదల్లా నా మీద పడ్డ పేరే. కోటబొమ్మాళి నుంచి ఒకరూ, హరిశ్చంద్రపురం నుంచి ఇంకొకరూ నన్ను చూసుకోవడానికి వస్తామని కబురంపి, ఆ కొబ్బరికాయ కథ విని మానేశారు. నోరున్న పిల్ల, కాయ పగలగొట్టిన పిల్ల అన్నారు. ఒకరి కూతురి కోసం మాట్లాడితే పెళ్ళికి పనికిరాని దాన్నయిపోయానంటే, అది నా తప్పా, వాళ్ళ తప్పా? ఈ రోజుకీ ఆ లెక్క నాకు మింగుడుపడదు. చేసినందుకు మాత్రం ఒక్కరోజూ విచారించలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుండగానే మా అక్క కూతురు ఆ అలంకరణలాయనతో రెండు కుర్చీలూ ఉంచెయ్యమని చెప్పడం వినబడింది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుంది.

"రెండోది నీకే పిన్నీ. నువ్వు కాకపోతే ఇంకెవులు కూకుంతారు?"

ఆయన ఇందాకటి నా కేకలు మరిచిపోయి, అమ్మమ్మగారికి కూడా కిరీటం తెప్పించమంటారా అని మర్యాదగా అడుగుతూ, ఫోనులో మెరిసే ప్లాస్టిక్ కిరీటాలు ఒక్కొక్కటీ జరిపి చూపించాడు. వద్దన్నాను. బెండుదైతే పెట్టుకుందును అన్నాను. అదేమిటో ఆయనకి తెలియలేదు. టెక్కలిలో ఆ పెద్దాయన పోయాక అవి చేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.