మా అత్తయ్య గారి ప్రభుత్వం

మా అత్తయ్యకు ఒకటే పిచ్చి. ఇరవయ్యొక్కేళ్ళు నిండి, ఆరడుగులకు అంగుళం మాత్రమే తక్కువ ఉన్న నన్ను నా పని నేను చేసుకోనివ్వదు. తలుపు నేను తీయబోతే తను తీస్తుంది. నా సంచి తను మోస్తుంది. నాకు దాహం వేస్తే దుకాణంలో నీళ్ళ సీసా తను అడుగుతుంది, మూత కూడా తనే తిప్పి ఇస్తుంది. మనిషి నా మోచేతికి కాస్త పైకి వస్తుంది, అంతే. ఇదంతా ఎందుకని అడిగితే కళ్ళు పెద్దవి చేసి, గొంతు తగ్గించి ఒకే మాట చెబుతుంది.

"ప్రభుత్వం చూస్తోందిరా."

అప్పటికి నేనీ పరాయి దేశంలో మూడేళ్ళుగా ఉన్నాను. ప్రభుత్వం నన్ను ఒక్కసారైనా చూసిన దాఖలా లేదు.

సంగతేమిటంటే, మా అత్తయ్య ఇరవయ్యేళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఈ దేశస్థురాలైపోయింది. నేను పద్దెనిమిదో ఏట చదువుకని వచ్చాను. చేరిన కాలేజీ ఏడాది తిరక్కుండా మూతపడింది. దొరికిన పనిలో చేరి, పర్మిట్ పొడిగించుకుంటూ ఆవిడ ఇంట్లోనే వెనక గదిలో ఉంటున్నాను. ఆ పర్మిట్ ఇక పొడిగించరని, పది నెలల్లో నేను దేశం వదలాలని కాగితం వచ్చింది. అప్పుడు అత్తయ్య తన తమ్ముణ్ణి, అంటే మా నాన్నను, అమ్మతో సహా ఇక్కడికి తెప్పించడానికి స్పాన్సర్‌షిప్ కాగితాలు పెట్టింది. ఇరవై రెండు నిండని పెళ్ళికాని కొడుకును కూడా అదే ఫైల్లో చేర్చవచ్చట. చేర్చింది. అలా నేను ఇక్కడే పనిచేసుకుంటూ, ఫైల్లో మాత్రం అమ్మ కొంగు పట్టుకుని వాళ్ళతో పాటు బయల్దేరాను.

ఫారంలో నా పేరు పక్కన "డిపెండెంట్" అని ఉంది. నేను చదువు ఆగిపోయాక దొరికిన పుస్తకమల్లా చదివి సొంతంగా నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి. మాటల దగ్గర నాకు కాస్త పట్టింపు ఎక్కువ. నిఘంటువు తీసి చూశాను. ఆశ్రితుడు, పరాధీనుడు, ఒకరి మీద ఆధారపడి బతికేవాడు అని ఉంది. పొద్దున కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసి, సాయంత్రం క్యాంటీన్‌లో గిన్నెలు తోమి బతుకుతున్నవాణ్ణి, నాకు ఒళ్ళు మండింది.

"ఇది ఉత్త ఫారంలో మాట కదత్తా," అన్నాను.

"ఫారంలో రాస్తే సరిపోతుందనుకున్నావా? బతికి చూపించాలి. మీ అమ్మానాన్న వచ్చేదాకా నువ్వు ఆధారపడాల్సింది నా మీద. నేను ఇన్‌చార్జిని."

"ఎక్కడ రాశారు అలా?"

"లోపలి పేజీల్లో."

ఆ లోపలి పేజీలను నేను ఎన్నడూ చూడలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దానికి రబ్బరు బ్యాండు వేసి, బీరువాలో దుప్పట్ల అడుగున పెట్టేది. ఇస్త్రీ దుప్పట్లు. కదిపితే మడత నలుగుతుందని ఆ అర ముట్టుకోనిచ్చేది కాదు.

ముందు బస్సులో పరువు పోయింది. నా సంచి ఒక భుజాన, తన సంచి ఇంకో భుజాన వేసుకుని ఆవిడ ముందు నడుస్తుంటే, చేతులూపుకుంటూ వెనక నేను. ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "దున్నపోతులా ఉన్నావు, మీ అమ్మ చేత మోయిస్తావా?" అని అందరి ముందూ వాయించింది. ఆ ముక్క ఆవిడ భాషలో అంది కాని, దున్నపోతు ఏ భాషలో అయినా అర్థమవుతుంది. అత్తయ్య నా తరఫున నిలబడి, "ఏమీ అనకండమ్మా, వాడు డిపెండెంట్," అని చెప్పింది. ఆ ముసలావిడ అదేదో జబ్బనుకున్నట్టుంది. జాలిగా నా మోచెయ్యి నిమిరి, లేచి సీటిచ్చింది.

మంగలి షాపులో ఇంకో రకం. కుర్చీలో కూర్చున్నది నేను, జవాబులు చెప్పేది ఆవిడ. ఎంత పొట్టిగా కత్తిరించమంటారని మంగలి నన్నడిగితే, "వాణ్ణడక్కండి, నన్నడగండి," అంది. చివర్లో అద్దం వెనక పట్టుకుని బాగుందా అని చూపించబోతే అది కూడా ఆవిడకే చూపించమంది. మంగలి అద్దం పట్టుకుని గదంతా తిరిగాడు పాపం.

లైబ్రరీలో పుస్తకాల మీద ముద్రవేసే అమ్మాయి ఒకసారి నన్ను చూసి నవ్వింది. ఇంటికొచ్చే దారిలో అత్తయ్య ముఖం మాడ్చుకుంది.

"నవ్వితే నవ్వింది. నువ్వెందుకు నవ్వావు?"

"మర్యాదకి."

"ఫైలు నడిచినన్నాళ్ళూ మర్యాదలు తగ్గించుకో. పెళ్ళికాని కొడుకువి నువ్వు. పళ్ళు కనబడకూడదు."

ఫోన్లో నాన్నకు మొరపెట్టుకున్నాను. ఆయన చాలాసేపు విని, "మీ అత్త చెప్పినట్టు వినరా. నేను చిన్నప్పుడు ఆవిడ డిపెండెంటునే, ఏం, చెడిపోయానా?" అన్నాడు. మళ్ళీ తనే, "పక్కనే ఉందా? ఇక్కడ ఇల్లు ఖాళీ చేసేముందు పాత మంచం అమ్మేయవచ్చో లేదో కాస్త అడిగి చెప్పు," అన్నాడు. ఇక ఎవరితో చెప్పుకోవాలి?

ఒకరోజు ఆవిడ సరాసరి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరికి వచ్చింది. మా మేస్త్రీ బయటికి వెళ్ళి పావుగంట మాట్లాడి, లోపలికి వచ్చి, నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు డిపెండెంటువని ముందే చెప్పొద్దూ? ఇరవై కిలోలు దాటి ఎత్తకూడదట. రేపు ఎవడైనా వచ్చి అడిగితే నా ఉద్యోగం పోతుంది." ఆ రోజునుంచి నన్ను లేబుళ్ళు అంటించే బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మిగతావాళ్ళు పెట్టెలు మోసుకుంటూ పోతూ, "చంటోడు పాలు తాగాడా?" అని అడిగేవాళ్ళు. నాకు చంటోడనే పేరే ఖాయమైపోయింది.

వారం తిరిగేసరికి ఇంకో రూలు.

"డిపెండెంటుకు రెండు ఉద్యోగాలు ఉండకూడదు. క్యాంటీన్ మానెయ్యి."

"సాయంత్రాలు నేనేం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు. అదే చెయ్యాలి. కావాలంటే లైబ్రరీలో కూర్చో. ఆ పిల్ల వైపు కాకుండా గోడ వైపు."

మానేశాను. గోడ వైపు కూర్చుని ఆ శీతాకాలమంతా చదివాను. జీవితంలో అంత చదివింది లేదు. అయితే ఆ సుఖం సుఖంలా అనిపించలేదు. ఎవరో నా కాళ్ళు విరిచి పల్లకీ ఎక్కించినట్టుండేది. చదివిన ప్రతి పుస్తకం మగాడు సొంత కాళ్ళమీద నిలబడాలనే చెబుతోంది, నేనేమో ముద్ద కలిపి పెట్టించుకునే దశకు వచ్చాను.

ఆఖరికి ఒక ఆదివారం తెగింది. పోస్టుమాన్ నా పేరున ఒక పార్సెల్ తెచ్చాడు. నేను కలం తీసుకోబోతే అత్తయ్య నా చెయ్యి పక్కకు నెట్టి సంతకం పెట్టేసింది.

"చాలత్తా. రేపే మన కాగితాలు పెట్టిన వకీలు దగ్గరికి వెళ్ళి ఫైల్లోంచి నా పేరు కొట్టేయిస్తాను."

ఆవిడ ముఖంలో రంగు మారింది. "నీ మొహం. పేరు కొట్టేస్తే ఎండాకాలానికి నిన్ను పంపించేస్తారు. మీ అమ్మ ఇక్కడ దిగేసరికి నువ్వు అక్కడ దిగుతావు. ఒకళ్ళకొకళ్ళు ఆకాశంలో ఎదురవుతారా?"

"పోతే పోతాను. నా కాళ్ళమీద పోతాను."

"పెద్ద మగాడివి బయల్దేరావు," అంది కాని, గొంతులో ఊపు లేదు. ఆ పూట కంచం నా ముందు పెట్టి, నేనే వడ్డించుకునేలా గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయింది. నాలుగు నెలల్లో అది మొదటిసారి.

మర్నాడు వకీలు ఆఫీసుకు వెళ్ళాను. మన భాష వచ్చినవాడే, పెద్దాయన, మెడకు మఫ్లర్ చుట్టుకుని దగ్గుతున్నాడు. పేరు కొట్టేయమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను తేరిపార చూశాడు.

"ఎందుకయ్యా?"

చెప్పాను. సంచి, మంగలి, ఇరవై కిలోలు, గోడ వైపు కూర్చోవడం, అన్నీ. ఆయన దగ్గూ నవ్వూ కలిసిపోయాయి.

"అలాంటి రూలు ఒక్కటీ లేదు. కొడుకు ఏ ఊళ్ళో ఉన్నా, ఎన్ని ఉద్యోగాలు చేసినా, ఎన్ని కిలోలు మోసినా ఫైలుకు ఏమీ కాదు. పెళ్ళి చేసుకోకూడదు, అంతే. మొదటి రోజే మీ అత్తయ్యకు చెప్పాను."

"మా అత్తకు అర్థం కాలేదేమో."

"రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత, ఈ మాట వాడికి చెప్పకండి అంది." ఆయన మఫ్లర్ బిగించుకున్నాడు. "నేనూ చెప్పకూడదు. నువ్వు పేరే కొట్టేయమంటున్నావు గనక చెబుతున్నాను. ఎందుకమ్మా అని అడిగితే ఏమందో తెలుసా? 'వాడు నిలబడే అన్నం తింటాడండీ, కూర్చుంటే రెండో పనికి ఆలస్యమవుతుందని. నడుం పట్టుకుని మెట్లెక్కుతాడు. నేను చూస్తే చెయ్యి తీసేస్తాడు. కాస్త ఆగరా అంటే నా మీదే ఎగురుతాడు. నా మాటైతే వినడు గాని, ప్రభుత్వం చెప్పిందంటే వింటాడు, వాడికి అమ్మానాన్న కావాలి కదా' అంది."

నేను బల్ల మీదున్న కలానికి మూత పెట్టాను.

"మరి నీళ్ళ సీసా మూత?" అన్నాను.

"అది ఆవిడ సొంత పైత్యం అయ్యుంటుంది," అన్నాడు వకీలు. "ఇంతకీ పేరు కొట్టేయమంటావా?"

"వద్దండీ."

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. "కొట్టించలేదు," అని మాత్రం అన్నాను. ఆవిడ వెంటనే వచ్చి నా బూట్ల లేసులు విప్పబోయింది. విప్పనిచ్చాను.

ఎండాకాలం ఇంకా రాకముందే ప్రభుత్వం నుంచి కవరు వచ్చింది. అత్తయ్య అప్పుడు నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేను చదివి వినిపించాను. నాన్న పేరు, అమ్మ పేరు, కింద నా పేరు. ముగ్గురికీ మంజూరైంది. ఆవిడ నా పేరు మీద వేలు పెట్టి, అది చెరిగిపోయే సిరా కాదని నిర్ధారించుకుంది.

తర్వాత ఇస్త్రీ పెట్టె ఆపింది. ఒక చెయ్యే ఇస్త్రీ అయిన చొక్కా నాకందించి, "ఇంక అయిపోయిందిగా. మిగతాది నువ్వే చేసుకో. ఇకనుంచి నీ ఇష్టంరా," అంది.

నేను చొక్కా అందుకోలేదు.

"అత్తా, ఇందాక వకీలు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చి దిగాక కూడా ఇంకో ఏడాది ఇలాగే ఉండాలట. లేకపోతే ఇబ్బందట."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను పళ్ళు కనబడకుండా నిలబడ్డాను. నెమ్మదిగా చొక్కా వెనక్కి లాక్కుని, రెండో చెయ్యి బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించింది.

"ఏడాదేనా అన్నాడు? సరిగ్గా విన్నావో లేదో, రేపు నేను వెళ్ళి అడుగుతాను. ఇలాంటివాటికి మామూలుగా రెండేళ్ళు వేస్తారు."