చేతికెక్కని గాజులు

నేను కడుపుతో ఉన్నప్పుడు నా ఒంటి మీద నాకు తప్ప సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో అందరికీ అధికారం ఉండేది. కలకత్తాలో ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన కొత్త రోజులవి. ఎడమ పక్కింటావిడ బొప్పాయి వైపు చూడొద్దనేది, కుడి పక్కింటావిడ మెట్లు దిగొద్దనేది. మా అత్తగారైతే బిడ్డ పెద్దదైతే కానుపు కష్టమని నా అన్నాన్ని గరిటెతో కొలిచి పెట్టేవారు. మామగారు యూనియన్ మనిషి. లోకంలో ఆకలితో ఉన్నవాళ్లందరి గురించీ యార్డు గేటు దగ్గర ఉపన్యాసమిచ్చి ఇంటికొచ్చేవారు. ఆకలితో ఉన్న కోడలు ఆయనకు మంచినీళ్లందించేది.

ఎనిమిదో నెల దాటేసరికి నా పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. మొహం ఉబ్బింది. తిండి తగ్గించినా కోడలు ఒళ్లు చేసిందని అత్తగారు మురిసిపోయారు. "మొగం నిండుగుంది, మొగపిల్లోడే," అని ఎదురింటి ముసలమ్మ తీర్పిచ్చింది. తలనొప్పిగా ఉందంటే దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. తలనొప్పి అలాగే ఉంది, దానికి దగ్గు తోడైంది.

ఆసుపత్రికి వెళ్దామని ఒకసారి అన్నాను. మా ఆయన గూడ్సు గార్డు, బండెక్కితే రెండు మూడు రోజులకు గాని దిగేవాడు కాదు. "ఆడొచ్చేక ఎల్దాం," అన్నారు అత్తగారు. ఆయన వచ్చి, "నాన్ననడగాల," అన్నాడు. మామగారు, "ఆడోళ్ల సంగతి మీ అమ్మకే తెలుస్తాది," అన్నారు. అలా నా తలనొప్పి ఆఫీసు కాగితంలా మూడు బల్లలూ తిరిగి నా దగ్గరికే వచ్చింది.

తొమ్మిదో నెలలో సీమంతం పెట్టారు. క్వార్టర్స్‌లోని తెలుగువాళ్లందరికీ గాజులు తొడిగేది ఒకామే. మా పేర్లు ఆమెకు గుర్తుండవు, సైజులే గుర్తు. నేను రెండు-నాలుగు. అత్తగారు రెండు-ఎనిమిది, ఆ సంగతి పైకి అంటే ఆవిడకు కోపం. ఆ రోజు రెండు-నాలుగు గాజు నా పిడికిలి దగ్గరే ఆగిపోయింది. సబ్బు రాసింది. రెండు-ఆరు తీసింది, అదీ ఎక్కలేదు. చుట్టూ చేరినవాళ్లకు పరమానందం. "అత్తోరి తిండి," అని ఒకావిడ అంటే అత్తగారు సిగ్గుపడ్డారు కూడా. ఇంతలో గాజు చిట్లింది. అపశకునమని గోల మొదలైంది.

గాజులామె ఆ గోల పట్టించుకోలేదు. నా ముంజేతిని బొటనవేలితో నొక్కి చూసింది. సొట్ట పడింది, ఎంతకీ లేవలేదు.

"అప్పా, నెల్లో రెండు సైజులు పెరిగిన సెయ్యి ఇంతకు ముందు ఒక్కటే సూసేను," అంది అత్తగారితో. "ఈ పిల్లని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెల్లు."

"ఇప్పుడేటి? పేరంటం మద్దిలోనా? మా ఇంటాయన డూటీ దిగాల, అడగాల."

"నానూ మా అల్లుడు డూటీ దిగాలనే ఆగేనప్పా. అల్లుడొచ్చేడు. అప్పటికి నా కూతురు లేదు."

మొగుడితో చెప్పకుండా వీధి కుళాయి దాకా కూడా వెళ్లని మా అత్తగారు లేచి, కాళ్ల పసుపుతోనే నన్ను రిక్షా ఎక్కించారు. ఆ రోజు బంద్ లేకపోవడం నా అదృష్టం. దారంతా ఆవిడ రిక్షావాణ్ని తెలుగులో తిట్టారు, అతను బెంగాలీలో బదులు తిట్టాడు, రిక్షా మాత్రం పరుగు ఆపలేదు. డాక్టరమ్మ నా రక్తపోటు చూసి, ఇంకో పూట ఆగితే ఫిట్స్ వచ్చేవని, తల్లీ బిడ్డా దక్కేవాళ్లు కారని బెంగాలీలో కేకలేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అత్తగారు ప్రతిదానికీ తలూపి, "అవునమ్మా, తప్పు నాదే," అన్నారు. పెళ్లయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. అంత తలనొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

మర్నాడు ఆడపిల్ల పుట్టింది. ఎదురింటి ముసలమ్మ నెలరోజులు మా గుమ్మం తొక్కలేదు.

ఆ తరవాత చాలా ఏళ్లు గాజులామె మా ఇంటికి వచ్చింది. నా పిల్ల ఏం తింటుందో, ఏ క్లాసుకొచ్చిందో వచ్చినప్పుడల్లా అడిగేది. నేను గంటలకొద్దీ చెప్పేదాన్ని. ఆమె కూతురి పేరేమిటని మాత్రం నేను ఒక్కసారీ అడగలేదు. ఆ పిల్ల పోయినందుకు బతికినదాన్ని, ఆ మాత్రం అడగలేకపోయినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.