అత్తాకోడళ్లను కలిపి కుట్టిన బొంత

మనశ్శాంతి కోసం సూది పట్టి, పట్టపగలు బస్సునిండా జనం ముందు పరువు పోగొట్టుకున్న మేస్త్రి వేలూరు చుట్టుపక్కల నేనొక్కడినే అయ్యుంటాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి. తర్వాత తీరిక దొరకదు.

అప్పటికి నాకు పెళ్లై ఆరు నెలలు. కాపురం వేలూరు పక్కనే బాగాయంలో. నా భార్య మంజుల మా అమ్మకు సొంత అన్న కూతురు. అంటే ఇద్దరి పుట్టిల్లూ ఒకటే, గుడియాత్తంలో మా మామ ఇల్లు. ఒకే ఇంట్లో పుట్టినవాళ్లు ఒద్దికగా ఉంటారనుకున్నాను. ఒకే ఇంట్లో పుట్టినవాళ్లకు పోట్లాటలో కూడా ఒకే ఒడుపు ఉంటుందని నాకేం తెలుసు? పులుసులో బెల్లం వెయ్యాలని అమ్మ, వెయ్యకూడదని మంజుల. ఆ బెల్లం ముక్క కోసం మా ఇంట్లో జరిగినంత యుద్ధం రాజ్యాల కోసం కూడా జరిగి ఉండదు.

పక్కింటి అవ్వ నా మొహం చూసి జాలిపడింది.

"కోపమొస్తే బొంత కుట్టు నాయనా. కుట్టు కుట్టుకీ మనసు చల్లబడతాది. నా మొగునితో యాభై ఏండ్లు అట్లే నెట్టుకొచ్చినా."

నేను మేస్త్రిని కదా, ఏం చేసినా గట్టిగా చెయ్యాలి. పాత చీరలు నాలుగు వరుసలు పరిచాను. మామూలు సూది కంటికి ఆనలేదు, గోతాలు కుట్టే దబ్బనం తెచ్చాను. మామూలు దారం నచ్చలేదు, ఇటుకల వరుస తిన్నగా రావడానికి కట్టే నైలాన్ దారం ఎక్కించాను. అవ్వ మాట నిజమే. పది కుట్లు పడేసరికి చెవులు వాటంతటవే మూసుకుపోయేవి.

ఒక ఆదివారం నేల మీద కూర్చుని, బొంత ఒళ్లో వేసుకుని కుడుతున్నాను. అమ్మ వచ్చి కుడిపక్క కూలబడింది.

"చూడు నాయనా, నీ పెండ్లాము పులుసంతా పారబోసింది!"

మంజుల వచ్చి ఎడమపక్క కూర్చుంది. "బెల్లం గడ్డకు గడ్డ వేసేస్తే తినేదెట్లా బావా? అది పులుసా, పాయసమా?"

వాళ్ల గొంతు పెరిగినకొద్దీ నా చెయ్యి జోరందుకుంది. కుడి అంచు, ఎడమ అంచు, నడిమధ్య. కళ్లు మూసుకుని కుట్టానంటే నమ్మండి.

"మా అన్న దగ్గరికి పోతా ఉండా!" అని అమ్మ లేచింది.

"నేనూ మా నాయన దగ్గరికే పోతా ఉండా!" అని మంజుల లేచింది.

చెరోవైపు రెండడుగులు వేసి ఇద్దరూ టక్కున ఆగిపోయారు. మధ్యలో బొంత పందిరిలా బిగుసుకుంది. ఒక అంచుకు అమ్మ కొంగు, రెండో అంచుకు మంజుల కొంగు!

పక్కనే ఉన్న కత్తెర అందుకున్నాను. "ముందు నాది విప్పు" అంది అమ్మ. "విప్పితే అత్త ముందుగా పోయి మా నాయనకు లేనిపోనివి ఎక్కిస్తాది. ముందు నాదే" అంది మంజుల.

పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా అంటారు. మా ఇంట్లో పుట్టింటికి పోయే ఫిర్యాదులన్నీ మేనమామ దగ్గరికే. ముందు చేరినవాళ్లదే గెలుపు. కాబట్టి ఎవరూ ఎవరినీ ముందు విడిపించనివ్వలేదు. ఆ చివర అమ్మ, ఈ చివర మంజుల, నడుమ బొంతను గుండెలకు హత్తుకుని నేను. అలాగే బస్సెక్కాం.

"ఎన్నప్పా ఇదు? మూణు టికెట్టా, ఒరు లగేజా?" అన్నాడు కండక్టర్. మేము ముగ్గురు మనుషులమో, ఒక మూటో ఆయనకు తేలలేదు.

వెనక సీటులోని ఒకావిడ మా అమ్మను అడిగింది. "కోడలు పారిపోకుండా కట్టేసినావా అక్కా?"

మంజుల భగ్గుమంది. "మా అత్తను ఎవురేమన్నా ఊరుకోను! ఇదంతా ఈయప్ప చేసిన పని."

అమ్మ కళ్లు చెమర్చాయి. "అవును తల్లీ, వీనికి చిన్నప్పటినుంచీ ఇదే బుద్ధి."

ఇక చూడండి, గుడియాత్తం దాకా ఇద్దరూ నా మీదుగా వంగి నా తప్పులు ఏకరువు పెట్టుకున్నారు. దారి చాలలేదు.

మా మామ అంతా విని గడ్డం గోక్కున్నాడు. "తప్పెవురిది?"

"ఈయనదే!" "వీనిదే!"

మామ కత్తెరతో రెండు కొంగులూ విడిపించి, "ఇంక లెయ్యి అల్లుడా, బువ్వ తిందువు" అన్నాడు.

బొంతను నేల మీద వదిలి లేచాను. బొంత కూడా నాతోపాటే లేచింది. నా లుంగీకి పడిన కుట్లు చూస్తే ఇప్పటికీ నా పనితనానికి గర్వమేస్తుంది. మామ మళ్లీ కత్తెర తీశాడు.

అమ్మా, మంజులా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరు నెలల్లో మొదటిసారి ఇద్దరి నోటా అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట ఒకేసారి వచ్చింది.

"అది మాత్రం విప్పొద్దు! వేలూరు పొయ్యేదాకా అట్లే ఉండనీ!"

ఆ వెంటనే మామ ఇంటి గడప ముట్టుకుని ప్రమాణం చేశాను. ఇంట్లో ఆకాశం విరిగిపడినా ఇక దబ్బనం పట్టను. ఒకవేళ పట్టినా, చుట్టూ పది అడుగుల్లో నరమానవుడు లేకుండా చూసుకుని, ప్యాంటు వేసుకుని, నిలబడే కుడతాను.